పది నిమిషాల కొసరు

పాట్రిక్ కౌలీ! నీ పేరెత్తి ఏడ్చినవాళ్లు మా తెలుగు నేల మీద ఎవరూ ఉండకపోవచ్చు. నేను నీ ఊరివాణ్ణి కాను, నీ తరంవాణ్ణీ కాను. నువ్వు దీపాలు తిప్పిన నృత్యశాల గడప తొక్కినవాణ్ణి అంతకన్నా కాను. అయినా నువ్వు సాగదీసిన ఆ పాట చెవిన పడ్డప్పుడల్లా గుండెలో ఏదో కలుక్కుమంటుంది. అసలు పాట గొప్పదా, నీ రీమిక్స్ గొప్పదా అని జనం రెండు వర్గాలై వాదించుకుంటారు. ఆ వాదన బేస్ దగ్గరా నిడివి దగ్గరా ఆగిపోతుంది తప్ప నీ దాకా రాదు. దాన్ని నీ దాకా తీసుకురావాలనే ఈ నాలుగు మాటలూ.

ముందు ఆ పాట పుట్టిన చోటు చెప్పాలి. మ్యూనిక్ నగరం, అందులో మబ్బుల్ని ఒరుసుకునే అరబెల్లా భవనం, ఆ భవనం నేలమాళిగలో మ్యూజిక్‌లాండ్ స్టూడియో. ఎండపొడ సోకని ఆ పాతాళంలో ముగ్గురు కూడారు. ఇటలీ కొండల బిడ్డ జార్జియో మోరోడర్, ఆంగ్లేయుడు పీట్ బెలాట్, మూడో మనిషి డోనా సమ్మర్. బోస్టన్‌లో పుట్టిన ఆ నల్లజాతి గాయని 'హెయిర్' సంగీత నాటకంలో పాడడానికి 1968లో జర్మనీ వచ్చింది. అక్కడే బతుకు వెతుక్కుంది. 1977లో ఈ ముగ్గురూ ఒక ఆల్బం తెచ్చారు. అందులో పాటలు ఒక్కొక్కటీ గడిచిపోయిన ఒక్కో కాలానికి దోసిలి పడతాయి. చివరి పాట మాత్రం ఇంకా రాని కాలానికి. ఆల్బం పేరులో నిన్నటి జ్ఞాపకం, ఆఖరి పాటలో రేపటి కల. ఆ ఆఖరి పాటే 'ఐ ఫీల్ లవ్'.

రేపటిని పలికించడానికి నిన్నటి వయొలిన్లూ కొమ్ములూ చాలవనుకున్నాడు మోరోడర్. ఎబర్‌హార్డ్ ష్యోనర్ అనే స్వరకర్తకు చెందిన మోగ్ సింథసైజర్ మీద పని మొదలుపెట్టారు. ఇవాళ్టి కీబోర్డులా ఒళ్లో ఇమిడే వస్తువు కాదది. బీరువాలంత పెట్టెలు, పెట్టెల నిండా మీటలు, మీటల మధ్య తీగలు. మహా మొండి యంత్రం. పట్టుమని అర నిమిషం శ్రుతిలో నిలిచేది కాదు. వేడెక్కి స్వరం జారేది. జారేలోగా కొన్ని సెకన్ల ముక్కను టేపుకెక్కించి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ ఇంకో ముక్క. ఆ యంత్రం లోతుపాతులు తెలిసినవాడు రాబీ వెడెల్. పదహారు ట్రాకుల టేపులో ఒక ట్రాకు మీద కాలసూచిక లాంటి సంకేతాన్ని ముద్రించి, తర్వాత వాయించే ప్రతి వరుసా దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కునేలా చేశాడు. తాళాల గలగలను కూడా యంత్రం నుంచే పిండారు. వట్టి హోరును తీసుకుని సన్నని ముక్కలుగా తెగ్గోస్తే అది లోహపు తాళమై మోగింది. ఒక్కటే లొంగలేదు. గుండెల్లో దిగే ఆ కిక్ డ్రమ్ దెబ్బ ఎంత ప్రయత్నించినా యంత్రంలోంచి సరిగా రాలేదు. చివరికి కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కూర్చుని, పాట పొడుగునా తన కాలితో ఆ దెబ్బ వేశాడు. భవిష్యత్తు పాట అని లోకమంతా చెవులు కోసుకున్న ఆ పాటలో మనిషి కాలు ఒకటుంది, మనిషి గొంతు ఒకటుంది. మిగిలిందంతా విద్యుత్తు.

ఆ గొంతు సంగతి ఏం చెప్పను! అంతకు రెండేళ్ల ముందు 'లవ్ టు లవ్ యూ బేబీ'లో నిట్టూర్పుల్ని నేల మీద పొర్లించిన గొంతే ఇక్కడ నేల విడిచింది. ఛాతీలోంచి కాక తలలోంచి పాడింది డోనా. పాటలో మాటలు గుప్పెడు. వాటిని అక్షరాలుగా పలకక ఆవిరిగా వదిలింది. కింద బేస్ పరుగు, పైన ఆవిరి. ఆ రెంటి నడుమ ఖాళీ. అక్కడ ఎవరికి వారు తమ ఒంటరితనాన్ని తెచ్చుకుని కూర్చోబెట్టుకోవచ్చు.

ఈ పాటను స్పీకర్ల ముందు కూర్చుని విన్నవాళ్లకు ఇంకో చిత్రం తెలుస్తుంది. బేస్ స్వరం ఎడమ స్పీకర్‌లో ఒకసారి మోగి, రవ్వంత ఆలస్యంగా కుడి స్పీకర్‌లో బదులిస్తుంది. రెండూ కలిస్తేనే ఆ గుర్రపు దౌడు. అదే పెద్ద నృత్యశాలలో ఎడమ గోడవార ఉన్నవాడికి ఒక దరువు, కుడి గోడవార ఉన్నవాడికి దాని వెనకదెబ్బ. ఒకే పాట, ఒకే గది, ఒకే రాత్రి. కాళ్లు మాత్రం వేరువేరు చోట్ల నేలను తాకుతాయి. విన్నవాళ్లు రెండుగా విడిపోవడం ఈ పాట పుట్టుకలోనే ఉందేమో అనిపిస్తుంది నాకు.

మొదట దీన్ని ఒక నెమ్మది పాటకు వెనకవైపు వేసి విడుదల చేశారు. జనం రికార్డును తిప్పేసి దీన్నే నెత్తిన పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 1977 వేసవిలో నాలుగు వారాలు మొదటి స్థానం, అమెరికాలో ఆరో స్థానం. బెర్లిన్‌లో గాయకుడు డేవిడ్ బోవీ తన రికార్డింగుల్లో తలమునకలై ఉండగా, తోడుగా పనిచేస్తున్న సంగీతకారుడు బ్రయన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరుగున వచ్చాడట, రేపటి నాదం ఇదిగో వినమన్నాడట. బోవీ తర్వాతెప్పుడో చెప్పుకున్న ముచ్చట ఇది. యంత్రానికి ఆత్మ ఏమిటని పెదవి విరిచినవాళ్లూ ఆనాడే ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. ఆత్మ ఎక్కడుందో వెతకడానికి వాళ్లు ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండేది, అంతే.

ఇక పడమటి కడలి ఒడ్డుకు వస్తాను, పాట్రిక్, నీ ఊరికి.

నువ్వు బఫెలోలో 1950 అక్టోబర్‌లో పుట్టావు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరావు. ఆ ఏళ్లలో ఆ ఊరికి వచ్చిన వేలమంది కుర్రవాళ్లది ఒకటే కథ. కన్నవాళ్లు గుమ్మం మూసేశారు, ఊరు ముఖం చాటేసింది, గుడి శాపం పెట్టింది. మగవాణ్ణి ప్రేమించిన మగవాడికి పుట్టినచోట పేరు లేదు, పెట్టుకున్న పేరేదైనా తిట్టే. బస్సులెక్కి, లారీలాపి, చేతిసంచితో వచ్చి ఆ పొగమంచు కొండల్లో దిగారు. కాలిఫోర్నియా తన చట్టంలోంచి వాళ్ల ప్రేమ మీది నేరాన్ని తుడిచిపెట్టింది 1975లోనే. పగలు ఏ కొలువు చేసినా, రాత్రి వాళ్లకు ఒక చోటు కావాలి. ఎవరూ ఎవరినీ నువ్వెవరని అడగని చోటు. ఆ చోటే డ్యాన్స్ ఫ్లోర్. తూరుపు తెల్లవారేదాకా ఆడి, చెమటలో తడిసి, పక్కవాడి భుజం మీద తల వాల్చి, మళ్లీ రాత్రి కోసం బతికేవారు. మనవాళ్లు తిరునాళ్ల రాత్రిని తలుచుకుని ఏడాదంతా గడిపినట్టు కూడా కాదు అది. వాళ్లకు మిగతా ఏడాది లేదు. ఆ రాత్రే ఉంది.

నువ్వు సిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్ సంగీత ప్రయోగశాలలో తీగలు కలుపుతూ గంటలు గంటలు గడిపావు. 'ది సిటీ' అనే డిస్కోలో దీపాల పని చేశావు. మీట నొక్కితే ఎరుపు, మీట తిప్పితే నీలం. ఏ స్వరానికి ఏ వెలుగు పడితే కింద జనం ఊగుతుందో చేతివేళ్లతో నేర్చుకున్నావు. అక్కడే సిల్వెస్టర్ నీ సంగీతం విన్నాడు. చర్చిలో సువార్త గీతాలు పాడుతూ పెరిగి, చీరచెంగులా అంగీ జార్చుకుని, ఆడగొంతుతో ఆకాశాన్ని అందుకునే ఆ మహాగాయకుడి 'మైటీ రియల్' పాటలో 1978లో మెరుపు తీగలు అల్లింది నీ సింథసైజరే.

అదే 1978లో నువ్వు డోనా పాటను చేతిలోకి తీసుకున్నావు. ఏ కంపెనీ అడగలేదు, ఎవరూ పైకం ఇవ్వలేదు. నచ్చిన పాట తొందరగా అయిపోతోందన్న బెంగ ఒక్కటే నీకు పెట్టుబడి. ఆ పరిగెత్తే బేస్‌ను వలయాలుగా చుట్టావు, చుట్టిన వలయాన్ని మళ్లీ చుట్టావు. దాని మీద నీ సింథసైజర్‌తో సుడులు, ఈలలు, జలజలలు, ఉరుములు, ఎక్కడో లోతు బావిలో పడ్డ చుక్క చప్పుళ్లు చల్లావు. ఆల్బంలో ఆ పాట ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. నీ చేతిలో పదహారు నిమిషాలకు కాస్త తక్కువైంది. డోనా గొంతు మధ్యలో ఎక్కడికో వెళ్లిపోతుంది. చాలాసేపు రాదు. విన్నవాడు ఇక రాదేమోనని బెంగపడతాడు. అప్పుడు, ఆ విద్యుత్ వర్షం వెనక నుంచి, మబ్బు తెరిపిచ్చినట్టు ఆమె మళ్లీ వస్తుంది. ఆ రాక కోసమే ఆ పోక. ఆరు నిమిషాలు పాట. పది నిమిషాలు నువ్వు ప్రేమగా వేసిన కొసరు.

అసలు వాదనంతా ఆ కొసరు మీదే.

మా బెజవాడ మిత్రుడొకాయన వయొలిన్ విద్వాంసుడు. రెండూ వినిపించాను. మొదటిది కళ్లు మూసుకుని విన్నాడు. రెండోది ఏడో నిమిషంలో చెయ్యెత్తి ఆపమన్నాడు. "అది చెక్కిన శిల్పమండీ. దాని మీద ఇంకా ఉలి ఎందుకు? మోరోడర్ ఎక్కడ ఆపాలో తెలిసి ఆపాడు. ఈయనకు ఆపడం తెలియలేదు," అన్నాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. అసలు పాట గొప్పదనం దాని నిగ్రహంలోనే ఉంది. ఏదీ ఒలకదు, ఏదీ తొణకదు. ఆ మంచుగాజు మీద నీ వేలిముద్రలు పడ్డాయన్నవాళ్ల చెవి చెడ్డ చెవి కాదు. నీ ఈలల్లో కొన్ని ఆ కాలానివే. ఇవాళ వింటే వాటి వయసు తెలుస్తుంది. అసలు పాట వయసు మాత్రం తెలియదు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు పాటలు కలిపే మా అన్నయ్య కొడుకు దీనికి సరిగ్గా ఎదురు మాట అన్నాడు. "బాబాయ్, నువ్వు కుర్చీలో కూర్చుని విన్నావు. అందుకే పొడుగనిపించింది. లేచి నిలబడు. అయిదో నిమిషానికి కాళ్లు మాట వినడం మానేస్తాయి. పదో నిమిషానికి నీకు పేరుండదు. అసలు పాటలో అక్కడికి చేరేలోపే దీపాలు వేసేస్తారు." ఆ కుర్రవాడి మాటలో 'నీకు పేరుండదు' అన్నది నన్ను పట్టుకుని వదల్లేదు. పేరే శిక్ష అయినవాళ్లకు పది నిమిషాలు పేరు లేకుండా ఉండడమంటే ఏమిటో ఆలోచించాను.

నా మట్టుకు నేను ఎటువైపో దాచుకోను. మన కీర్తనలో పల్లవి ఒకటే. సంగతి మీద సంగతి వేస్తూ అదే పాదాన్ని పదిసార్లు తిప్పుతారు. ప్రతిసారీ మాట అదే, లోతు వేరు. పల్లవి ఒకసారి అంటే అర్థం కాదా అని ఎవరూ అడగరు. అడిగితే సంగీతం తెలియదంటాం. పాట్రిక్, నువ్వు వేసింది సంగతులే. నువ్వు పుట్టిన గడ్డ మీద ఆ పేరు లేదు గనక సాగతీత అన్నారు. శిల్పాన్ని చూడడానికి ఆరు నిమిషాలు చాలు. గుళ్లో తల దాచుకున్నవాడికి ఆరు నిమిషాలు ఎలా చాలుతాయి?

ఆ రీమిక్స్ చాలాకాలం బజారులో దొరకలేదు. డీజేల మధ్యే తిరిగింది. అర్ధరాత్రి దాటాక, జనం పల్చబడి ఆడేవాళ్లే మిగిలాక, ఎంచుకున్న చేతుల్లోంచి సూది కిందికి వచ్చేది. అలా విన్నవాళ్లే దాని మొదటి శ్రోతలు. వాళ్లు దాని మీద సమీక్షలు రాయలేదు. ఆడారు.

1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని ఒక పెట్టెలో కుప్పపోసి మందుగుండు పెట్టి పేల్చారు. చూడవచ్చిన వేలమంది ఆటస్థలంలోకి దూకి మంటలు వేసుకుని చిందులేశారు. ఆ రాత్రి జరగాల్సిన రెండో ఆట ఆగిపోయింది. సంగీతం నచ్చకపోతే వినడం మానెయ్యవచ్చు, తగలబెట్టిందెందుకు? ఆ రికార్డుల మీది ముఖాలు ఎక్కువగా నల్లవాళ్లవి, ఆడవాళ్లవి. ఆ పాటలకు ఆడినవాళ్లు ఎక్కువగా నీవాళ్లు. అది కూడా శ్రోతల స్పందనే అంటే అనవచ్చు. నాకు మాత్రం ఆ పొగలో వినైల్ వాసన కన్నా మనిషి మీది కసి వాసనే ఎక్కువ కొడుతుంది. దానికి ముందు ఏడాది నవంబర్ 27న మీ ఊళ్లోనే, నగర మందిరంలోనే, మీవాళ్ల కోసం నిలబడి గెలిచిన హార్వీ మిల్క్‌ను తుపాకీతో కాల్చేశారు. పాట ఆగలేదు. ఆడడమూ ఆగలేదు.

ఆగింది తర్వాత.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారపత్రికలో చిన్న నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు కుర్రవాళ్లకు అరుదైన న్యుమోనియా. అంతే. తర్వాత ఒంటి మీద ఊదారంగు మచ్చలు. తర్వాత ఎండిన బుగ్గలు. తర్వాత గదులు ఖాళీ. దానికి ఎయిడ్స్ అనే పేరు పెట్టేసరికి 1982 సెప్టెంబర్ వచ్చింది. పేరు రాకముందే నువ్వు మంచం పట్టావు. డాక్టర్లకు నీకేమైందో తెలియదు. ఆ మధ్యనే నువ్వు 'మెనర్జీ' చేశావు, 'మెగాట్రాన్ మ్యాన్' చేశావు, మెగాటోన్ అని సొంత కంపెనీ పెట్టావు. ఒంట్లో శక్తి చుక్క చుక్కగా ఇంకిపోతుంటే, లేచిన పూటల్లో సిల్వెస్టర్‌తో 'డూ యూ వానా ఫంక్' చేశావు. చివరి ఆల్బం 'మైండ్ వార్ప్'లోని చీకటి ఆ మంచం మీది చీకటే.

ఏరీ వాళ్లు? నీ పదహారు నిమిషాల వానలో తడిసినవాళ్లు ఏరీ? ఎడమ గోడవార ఆడినవాళ్లు ఏరీ, కుడి గోడవార ఆడినవాళ్లు ఏరీ? అయ్యో, ఎంత చక్కని చేతులు గాలిలో లేచేవి! ఎంత చక్కని మెడలు ఒకదాని మీద ఒకటి వాలేవి! ఎవరి కాలికి ఎవరి కాలు తాళం కలిపిందో గుర్తు చెప్పేవాడు కూడా మిగల్లేదే! పాట నచ్చిందో లేదో అడుగుదామంటే అడగడానికి మనుషులేరీ? ఇవాళ మనం వింటున్న మెచ్చుకోళ్లూ తిట్లూ మిగిలినవాళ్లవి, తర్వాత పుట్టినవాళ్లవి. ఆ రీమిక్స్ ఎవరికోసం పుట్టిందో వాళ్లలో ఎందరి మాటో మనకు చేరనే లేదు. సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉండగా జరుగుతున్న వాదన ఇది.

డిస్కో మా తెలుగు తెరకూ వచ్చింది. 1984లో 'డిస్కో కింగ్' వచ్చింది. అద్దాల గోళం తిరిగింది, తళుకు బట్టలు మెరిశాయి, కుర్రకారు ఈలలేసింది. ఆ తళుకు ఎవరి కన్నీటి తడి మీద మెరిసిందో మాత్రం కడలి దాటి రాలేదు. రోగం వచ్చింది. మా ఆంధ్రప్రదేశ్ దేశంలోనే దాని బారిన ఎక్కువ పడ్డ రాష్ట్రాల్లో ఒకటైంది. కంచం వేరు పెట్టిన ఇళ్లు చూశాం. శవాన్ని మోయడానికి నలుగురు రాని వీధులు చూశాం. మగవాణ్ణి ప్రేమించిన మగవాడి మీద నేరం రాసిన చట్టాన్ని మా సుప్రీంకోర్టు పక్కన పెట్టింది 2018 సెప్టెంబర్ 6న. అందుకే నీ పాట నాకు పరాయిది కాలేదు. నువ్వు ఏ గుమ్మం ముందు నిలబడ్డావో అలాంటి గుమ్మాలు మా ఊళ్లలోనూ ఉన్నాయి. ఇంకా తెరుచుకోనివీ ఉన్నాయి.

ఇక్కడ డోనా ప్రస్తావన మళ్లీ తేవాలి, నొప్పిగా ఉన్నా. ఎనభైల నడుమ ఒక వదంతి పుట్టింది. ఎయిడ్స్ దేవుడి శిక్ష అని ఆమె అన్నదని. తాను ఆ మాట అనలేదని ఆమె గట్టిగా చెప్పింది. 1989లో ఎయిడ్స్ బాధితుల పక్షాన పోరాడే యాక్ట్ అప్ సంస్థకు ఉత్తరం రాసి మనసు విప్పుకుంది. ఈలోగా ఎందరో ఆమె రికార్డుల్ని ఇంట్లోంచి బయటపెట్టేశారు. పాపం, వాళ్లను తప్పుపట్టలేను. పక్కమంచం మీద ప్రియుడు పోతున్నవాడికి, ఆ ప్రియుడితో కలిసి తొలిసారి ఆడిన పాట పాడిన గొంతే శాపం పెట్టిందని వినపడితే, ఆ పాటను మళ్లీ ఎలా వింటాడు? ఆమెనూ తప్పుపట్టలేను. అనని మాటకు అన్నేళ్లు సంజాయిషీ చెప్పుకుంటూ పాడడమంటే ఎంత బరువో. ఒక్క పాట మీద ఇన్ని రకాల కన్నీళ్లు. 2012 మే 17న ఆమె కన్నుమూసింది. ఆ నెలలోనే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 'ఐ ఫీల్ లవ్'ను జాతి దాచుకోదగిన రికార్డింగుల పట్టికలో చేర్చినట్టు ప్రకటించింది.

పాట మాత్రం ఎవరి చేతుల్లోనో బతుకుతూనే ఉంది. 1985లో బ్రాన్స్కీ బీట్, మార్క్ ఆమండ్ పాడారు. 2019లో శామ్ స్మిత్ పాడారు. 2022లో బియాన్సే తన ఆల్బంలోని ఆఖరి పాటకు దీన్నే పునాదిగా వేసింది. నీ పాత టేపుల్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోనే డార్క్ ఎంట్రీస్ అనే చిన్న సంస్థ దుమ్ము దులిపి ఒక్కొక్కటిగా బయటికి తెస్తోంది. ఇవాళ్టి పిల్లలు ఫోను స్పీకర్‌లో నీ రీమిక్స్ పెడతారు. గోరంత స్పీకర్‌లో ఎడమా లేదు, కుడీ లేదు, కడుపులో దిగే దెబ్బా లేదు. మూడో నిమిషంలో వేలితో జరిపేసి 'మరీ పొడుగు' అంటారు. కోపం రాదు నాకు. ఒక్కటే అడగాలనిపిస్తుంది: ఒక్క రాత్రి, పెద్ద స్పీకర్ల ముందు, పక్కన నీకిష్టమైన మనిషి ఉండగా విను. ఆ మనిషి వచ్చే ఏడాది ఉంటాడో లేదో అనుకుంటూ విను. అప్పుడు పన్నెండో నిమిషంలో ఆపమంటావా?

సిల్వెస్టర్ కూడా 1988 డిసెంబర్ 16న అదే జబ్బుతో వెళ్లిపోయాడు. తన పాటల మీద వచ్చే సొమ్ము ఎయిడ్స్ రోగుల ఆసరాకూ, వాళ్లకు అన్నం వండి ఇంటికి పంపే సంస్థకూ చెందాలని రాసిపెట్టి వెళ్లాడు. ఆ పాటల్లో నీ సింథసైజర్ ఉంది గనక, పాట్రిక్, ఆ మెతుకుల్లో నీ పాలూ ఉంది.

నీ పాలిటి రోజు 1982 నవంబర్ 12. నీకు 32 ఏళ్లు. కబురు వెళ్లేసరికి సిల్వెస్టర్ లండన్‌లో ఉన్నాడు. హెవెన్ క్లబ్బులో వేదికెక్కి, ఆడడానికొచ్చిన జనానికి నువ్వు పోయావని చెప్పాడు. చెప్పి, మీరిద్దరూ కలిసి చేసిన 'డూ యూ వానా ఫంక్' నీ పేరు మీద పాడాడు. చావు కబురు మీద ఆ దరువు పడినప్పుడు అక్కడున్నవాళ్ల కాళ్లు ఏం చేశాయో తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నాలుగేళ్లు డీజేల మధ్యే తిరిగిన నీ రీమిక్స్‌ను ఆ ఏడాదే కంపెనీ బ్రిటన్‌లో అధికారికంగా అచ్చువేసింది. నువ్వు పోయి నెల తిరక్కుండా, డిసెంబర్‌లో, అది అక్కడి పాటల పట్టిక ఎక్కింది. మెట్టు మెట్టుగా 21వ స్థానం దాకా వెళ్లింది. అసలు పాట అదే దేశంలో నాలుగు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది కదా, దాని ముందు ఈ లెక్క చిన్నదే. ఆ చలికాలంలో దాన్ని కొని ఇంటికి తీసుకెళ్లినవాళ్లలో కొందరు మధ్యలోనే విసుగొచ్చి సూది ఎత్తేసి ఉంటారు. కొందరు ఆఖరు దాకా ఆడి, ఆయాసపడుతూనే మళ్లీ మొదటికి పెట్టి ఉంటారు. మోరోడర్‌ను పాడుచేశాడని ఒకడు, మోరోడర్‌కు తెలియని లోతు చూపించాడని ఇంకొకడు అని ఉంటారు. పాట్రిక్, వాళ్లలో ఒక్కరి మాటా నీ చెవిన పడలేదు. తిట్టిందీ పడలేదు, మెచ్చిందీ పడలేదు.